ఎన్‌జీసీ 1365: మధ్యపట్టీ అలంకారం కాదు

5.6 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఫోర్నాక్స్ అనే నక్షత్రరాశిలో ఉన్న ఎన్‌జీసీ 1365 గెలాక్సీపై వచ్చిన వ్యాసంలో, దాని వెడల్పు, దూరం గురించి వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే దాని నడుమ సాగే నక్షత్రాల పట్టీని కేవలం అందమైన ఆకృతిగా పేర్కొని ఒక్క వాక్యంతో ముగించడం నాకు వెలితిగా తోచింది. నిజానికి ఆ గెలాక్సీలో జరుగుతున్న మార్పులను చాలావరకు నడిపిస్తున్నది ఆ పట్టీయే.

పట్టీ గురుత్వాకర్షణ అన్ని దిశలలో సమానంగా ఉండదు కనుక, దానిలోకి ప్రవేశించిన వాయు మేఘాలు ఒకదానికొకటి ఢీకొని, కోణీయ ద్రవ్యవేగాన్ని (కేంద్రం చుట్టూ తిరిగే ఊపును) కోల్పోయి, కేంద్రం వైపు జారిపోతాయి. ఈ గెలాక్సీ ఫొటోలలో పట్టీ పొడవునా, ఒక అంచుకు దగ్గరగా కనిపించే నల్లని ధూళి చారలు ఆ తాకిడి జరిగే చోట్లే. అలా చేరిన వాయువు నుంచి కేంద్రం చుట్టూ కొత్త నక్షత్ర గుచ్ఛాలు పుడుతున్నాయి. కొంత భాగం కేంద్రంలోని మహా కృష్ణబిలానికి ఆహారమవుతోంది. ఆ కృష్ణబిలం సాపేక్ష సిద్ధాంతం అనుమతించే గరిష్ఠ పరిమితికి చేరువగా, అత్యంత వేగంగా తిరుగుతోందని నూస్టార్, ఎక్స్ఎమ్ఎమ్-న్యూటన్ ఎక్స్-రే టెలిస్కోపుల పరిశీలనల ఆధారంగా 2013లో ప్రకటించారు. మన పాలపుంతకూ పట్టీ ఉంది. కానీ మనం పాలపుంత లోపలే ఉన్నందున ఆ పట్టీ పూర్తి రూపం చూడలేము కాబట్టి, ఇటువంటి గెలాక్సీల అధ్యయనం మనకు ఎంతో విలువైనది.

విశాఖ పాఠకులకు మరొక మాట. లండన్‌లో దిగంతాన్ని దాదాపు ఆనుకుని ఉండే ఈ గెలాక్సీ, డిసెంబరు చివరి వారంలో రాత్రి 9 గంటలు దాటాక మనకు దక్షిణాన సుమారు 36 డిగ్రీల ఎత్తున ఉంటుంది. నగర దీపాలకు దూరంగా, భీమిలి దాటి వెళ్లి, 8 అంగుళాల టెలిస్కోపుతో ఓపికగా చూస్తే మసకగానైనా పట్టీ కనిపించే అవకాశం ఉంది.