బెజవాడ వంకరల వెనక నీళ్ల లెక్క ఉంది

"బెజవాడను ఎవరూ ప్లాన్ గీసి కట్టలేదు, అడ్డదిడ్డంగా పెరిగింది. గళ్ళుగళ్ళుగా ఊరు కట్టడం తెల్లదొరలే నేర్పారు, గుంటూరు బ్రాడీపేటే సాక్ష్యం. ఇకమీదట లేఅవుట్లన్నీ తిన్నగా గీస్తే ముంపు, ట్రాఫిక్ రెండూ తీరతాయి." వాట్సాప్‌లో బాగా తిరుగుతున్న ఈ మాటలో మూడు ముక్కలున్నాయి, మూడూ తప్పే.

ముందు దొరల సంగతి. మొహెంజొదారోలో సుమారు 4,500 ఏళ్ల కిందటే తిన్నని వీధులు, ఇటుక మురుగుకాలువలు ఉన్నాయి. గళ్ళుగళ్ళుగా ఉండే జైపూర్‌కు 1727లో పునాది వేసింది రాజా జైసింగ్. బ్రాడీపేటలో "నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు" అంటే ఆటో నేరుగా వెళ్తుంది, మంచి సదుపాయమే. ఆ పద్ధతి మాత్రం దొరల సొంతం కాదు.

ఇక బెజవాడ. కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయింది (ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది). ఎడమ గట్టు నుంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊళ్లోంచే విడిపోతాయి. డెల్టాలో సాగుకాలువను పల్లంలో తవ్వరు, మిట్ట వెంట తీస్తారు. అప్పుడే రెండు పక్కల పొలాలకూ నీరు దానంతటదే పారుతుంది. పల్లం మురుగు డ్రెయిన్‌కి వదిలేస్తారు. అంటే మిట్ట ఎటు తిరిగితే కాలువ అటు తిరగాల్సిందే. ఊరు ఆ కాలువల మధ్య ఇమిడింది. ఏలూరు రోడ్డు ఈశాన్యానికి, బందరు రోడ్డు ఆగ్నేయానికి విసనకర్రలా విచ్చుకుంటాయి. మధ్యనున్న గవర్నర్‌పేటలో ఏ వీధైనా ఒక రోడ్డుకు లంబంగా ఉంటే రెండోదానికి ఏటవాలుగానే తగులుతుంది, మూలల్లో ముక్కోణపు స్థలాలు మిగులుతాయి. వన్‌టౌన్‌కైతే ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు రైలు పట్టాలు. చాచుకునే చోటే లేదు. కాలువ దాటే రోడ్డును ఎంత వెడల్పు చేసినా, బండ్లు పోయేది వంతెన వెడల్పును బట్టే.

తిన్నని వీధులు ముంపును ఆపుతాయనడం అన్నిటికన్నా ప్రమాదం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన సింగ్‌నగర్‌లో వీధులు చాలావరకు తిన్ననివే. అది మునిగింది బుడమేరు పల్లంలో ఉన్నందుకు, గట్లకు గండ్లు పడినందుకు. పైగా నేల వాలు చూడకుండా గళ్ళు గీస్తే కొన్ని వీధులు వాలుకు అడ్డం పడతాయి, వాటి పక్క కాలువల్లో నీరు మెల్లగా పారుతుంది. సైడుకాలువలో నీరు సెకనుకు 0.6 మీటర్ల వేగమైనా అందుకోవాలి. లేకపోతే ఇసుక, సిల్టు అడుగున దిగి కాలువ పూడిపోతుంది. మన నేల దాదాపు చదును కాబట్టి, కాలువ అడుగు కట్టేటప్పుడు నాలుగంగుళాల తేడా వచ్చినా నీరు నిలుస్తుంది.

స్థలం కొనేవాళ్లు రోడ్డు ఎన్ని అడుగులని అడిగేముందు గ్రామ నక్ష (ఊరి రెవెన్యూ పటం) తీయించి, డొంకలు, వాగులు, చెరువులు ఎక్కడున్నాయో లేఅవుట్ ప్లాన్ మీద గుర్తు పెట్టుకోవాలి. తర్వాత రెండు లెవెల్స్ అడగాలి: వీధి చివర సైడుకాలువ అడుగు మట్టం, అది కలిసే డ్రెయిన్‌లో వానాకాలపు నీటిమట్టం. రెండోది ఎక్కువైతే డ్రెయిన్ నీరు ఆ వీధిలోకే ఎదురుతన్నుతుంది.