బీరువాలో ఉన్న జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అనే అధికార పత్రం) గారికి

హనుమకొండ నుంచి నమస్కారం.

బీరువా పై అరలో, అమ్మ పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో, కలరా ఉండల వాసన పీలుస్తూ మీరు పడుకుని చాలా ఏళ్లయింది. మా ఇంట్లో మీకున్న మర్యాద అల్లుడికి కూడా లేదు. సున్నాలు వేసిన ప్రతిసారీ ముందు మిమ్మల్ని దించి, తర్వాతే దేవుడి పటాలు దించాం. అలాంటి మీరు ఎప్పుడో చచ్చిపోయారని నాకు మొన్ననే తెలిసింది. దినాలు చెయ్యలేదు, ఏమీ అనుకోకండి.

మీరు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. 2016. బాపు కాజీపేటలో రైలింజను నడిపి రిటైరైన మనిషి. "రేపు నాకు చేతగాకుంటే నువ్వే చూసుకోవాలె బిడ్డా" అని తానే ఆటో మాట్లాడి నన్ను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. మీ మొదటి పేజీలోనే "స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతం లేకుండా" అని ఉంటుంది కదా, అది చదివి బాపు నవ్వాడు. "బలవంతం లేదని రాయమని బలవంతం జేస్తున్నరు సూడు" అన్నాడు. ప్రతి పేజీ కిందా నింపాదిగా సంతకం పెట్టాడు. చివరి అక్షరం తోకను వెనక్కి తిప్పి పేరు మొత్తం కింద గీత లాగడం ఆయన అలవాటు. బ్యాంకు పనులు, ఇంటి పనులు, కోర్టు పనులు 'సర్వం' నా తరఫున నా కూతురు చేయవచ్చునని మీలో రాసి ఉంది. ఆ 'సర్వం' చూసుకుని నేను ఏళ్ల తరబడి నిశ్చింతగా నిద్రపోయాను. 2011లో సుప్రీంకోర్టు జీపీఏ మీద ఇళ్లు, ప్లాట్లు అమ్మితే హక్కు రాదని మొట్టికాయ వేసిన సంగతి ఎవరైనా ఎత్తితే, "మాది అట్లాంటి జీపీఏ కాదు, సంసారపక్షం" అని మిమ్మల్ని వెనకేసుకొచ్చాను కూడా.

తర్వాత బాపుకు డిమెన్షియా వచ్చింది. అది ఎట్లా వస్తుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి లేచి డ్యూటీకి పోవాలని గేటు దగ్గర నిలబడతాడు. చూసుకోవడానికి మనిషిని పెట్టాలి. పింఛను ఖాతా అమ్మతో జాయింటు కాబట్టి ఇల్లు నడుస్తోంది కానీ, రిటైర్మెంటు డబ్బంతా బాపు ఒక్కడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. బాపును తీసుకుని ఒక బ్యాంకుకు పోయాం. ఏదో ధైర్యానికి మిమ్మల్నీ సంచిలో పెట్టుకున్నాను.

కౌంటర్లో అబ్బాయి చాలా మర్యాదస్తుడు. సార్ ఒక్క సంతకం పెడితే చాలన్నాడు. బాపు పెన్ను తీసుకున్నాడు. పెన్ను వైపు, కాగితం వైపు, గాజు అద్దం అవతలున్న మనిషి వైపు చూశాడు. "సిగ్నల్ పడ్డదా?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కాగితం మీద ఏదో గీశాడు. తోక గీత మాత్రం సరిగ్గానే వచ్చింది, దాని పైన పేరు లేదు. సంతకం కలవట్లేదన్నారు. అప్పుడు మిమ్మల్ని బయటికి తీశాను. మేనేజరు మిమ్మల్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, "సార్‌కు ఏమైందమ్మా?" అని అడిగాడు. నేను నిజం చెప్పాను. ఆ మాటతో మీ ప్రాణం పోయింది.

అదాలత్ దగ్గర ఒక వకీలు సాబ్ విడమరిచి చెబితే గానీ నాకు ఎక్కలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 201. అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా, పుచ్చుకున్న ఏజెంటు పని ఖతం. అంటే బాపుకు మతి ఉండి, మీ అవసరం లేనన్నాళ్లూ మీరు దివ్యంగా పనిచేస్తారు. వానొస్తే ఎండిపోయే చెరువును కాకతీయులు కూడా తవ్వలేదండీ. ఆ చట్టం రాసిచ్చిన దొరలు తమ దేశంలో మాత్రం మతి పోయినా ఆగని పవర్ ఆఫ్ అటార్నీని 1985లోనే తెచ్చుకున్నారు. మనకు పాత సరుకే మిగిలింది.

మరి నామినీగా నా పేరుంది కదా అన్నాను. వకీలు సాబ్ చాయ్ తాగుతూ, "అది బాపు పోయినంక" అన్నాడు. వీలునామా అయినా అంతే. మీకేమో ఆయన మతి కావాలి, నామినీకి ఆయన చావు కావాలి. ఊపిరి ఉండి మతి లేని మనిషికి మధ్యలో ఏ కౌంటరూ లేదు. మతి మంచిగున్నప్పుడే ఆ డిపాజిట్‌ను 'ఐదర్ ఆర్ సర్వైవర్' కింద అమ్మతో జాయింటు చేయించి ఉంటే, గడువు తీరాకైనా ఇద్దరిలో ఒకరు తీసుకునేవారట. మిమ్మల్ని చూసుకుని ఆ పని చెయ్యలేదు.

మీరు పోయాక మీ చుట్టాలను కూడా పలకరించాను. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ గార్డియన్ సర్టిఫికెట్ ఇస్తుంది. అయితే అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకే. అరవై ఏళ్లు వచ్చేదాకా ఇంజను నడిపేంత తెలివితో బతకడమే బాపుకు అనర్హత అయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద నేను ఆయనకు 'నామినేటెడ్ రిప్రజెంటేటివ్' కావచ్చు. వైద్యం గురించి మాట్లాడవచ్చు, ఆ వైద్యానికయ్యే డబ్బు గురించి మాట్లాడకూడదు. దానికి ముందున్న 1987 చట్టంలో, ఆస్తి చూసుకోవడానికి జిల్లా కోర్టు మేనేజరును పెట్టే దారి ఉండేది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పాత బావి పూడ్చేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 'పరిమిత సంరక్షణ' అని ఉంది. అందులో ఇద్దరం కలిసి, ఆయన ఇష్టప్రకారం నిర్ణయించాలి. బాపు ఇష్టం అడిగాను. ఇంజను తియ్యాలన్నాడు.

చట్టానికి ఇంత అనుమానం ఎందుకో నాకూ తెలుసు. మన దగ్గర ఎకరం రేటు పెరిగిన ప్రతిసారీ "మా నాయినకు మతి దప్పింది" అని బయల్దేరే కొడుకులు తక్కువేం లేరు. వాళ్ల కోసం కట్టిన గోడకు నా తల తగులుతోంది.

ఇక మిగిలింది హైకోర్టు. రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేయాలి. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో చట్టమే లేదని కేరళ హైకోర్టు 2019లో తానే పద్ధతి రాసింది. మెడికల్ బోర్డు పరీక్షించాలి, తహసీల్దారుకు తగ్గని అధికారి ఇంటికొచ్చి చూడాలి, గార్డియన్ ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలి. అట్లా కోర్టే తల్లీతండ్రీ అవుతుందట. డెబ్బై ఏడేళ్ల బాపుకు అమ్మానాన్నలను వెతుక్కుంటూ, ఆయన ఇన్నేళ్లు బండి నడిపిన అదే లైను మీద నేను హైదరాబాద్ పోవాలి.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ మాత్రం ఇంట్లోనే అయిపోయింది. ఫోన్ ముఖానికి ఎదురుగా పెట్టి "బాపూ, కండ్లు కొట్టు" అంటే కొట్టలేదు. ఈగ వాలితే కొట్టాడు. బతికే ఉన్నాడని సర్కారు వెంటనే ఒప్పుకుంది.

నిన్న మిమ్మల్ని మళ్లీ బయటికి తీశాను, వకీలు సాబ్‌కు జిరాక్సు కావాలంటే. బాపు పక్కన కూర్చుని చివరి పేజీ అందుకున్నాడు. సంతకం తోక మీద వేలు పెట్టి, మొదటి నుంచి కొసదాకా మెల్లగా జరిపాడు.

"ఎవలు పెట్టిండ్రు బిడ్డా ఈ సంతకం? మంచిగున్నది."

ఇట్లు,
మీలో ఏజెంటుగా పేరున్న మనిషి