షిఫ్ట్ డ్యూటీ దొరికితే వదులుకోవద్దు

ఇంధన రంగంలో చేరే కొత్త ఇంజినీర్లు ముందు డేటా, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని ఒక వ్యాసంలో రాశారు. కాదనను. కానీ మొదటి ఏడాది కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ డ్యూటీ వస్తే మాత్రం అస్సలు వదులుకోకండి. కరెంటు తయారుచేసే ఒక పెద్ద యూనిట్ ట్రిప్ అయినప్పుడు, అంటే హఠాత్తుగా ఆగిపోయినప్పుడు, 50 హెర్ట్జ్ దగ్గరుండే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) ఎలా జారుతుందో, మిగతా టర్బైన్ల వేగాన్ని అదుపుచేసే గవర్నర్లు వాల్వులు ఇంకాస్త తెరిచి దాన్ని ఎలా నిలబెడతాయో అక్కడే కళ్లారా చూస్తారు. సోలార్ ప్లాంట్‌లో టర్బైన్లలో లాగా తిరుగుతూ ఆ జారుడును నెమ్మదింపజేసే బరువైన రోటర్ ఉండదు కదా, అందుకే బ్యాటరీలు, గ్రిడ్ ఫ్రీక్వెన్సీని, వోల్టేజీని తామే నిలబెట్టే గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు ఇంత ముఖ్యమయ్యాయి. ఆ అవసరం అర్థమైనవాళ్లకు సాఫ్ట్‌వేర్ తర్వాత తేలిగ్గానే వస్తుంది. ఇంకో మాట: పర్మిట్ (పని చేయడానికి రాతపూర్వక అనుమతి) లేకుండా, సప్లై తీసి ఎర్తింగ్ చేయకుండా ఏ పరికరాన్నీ ముట్టుకోవద్దు, సీనియర్లు ఎంత తొందరపెట్టినా సరే.