మీ ట్రక్కు యాక్సిల్ కోడ్ ఎంత?

మన తెలుగు అసోసియేషన్‌లో పికప్ ట్రక్ ఉన్నవాడికి సొంత పేరుండదు. "ట్రక్కు అన్న" అంటే చాలు. ఉగాదికి మడత కుర్చీలు, బతుకమ్మకు స్పీకర్లు, చవితికి ఏకంగా వినాయకుడే మన బండెక్కుతాడు. ఎనిమిదేళ్లుగా డల్లాస్‌లో ఆ ఉద్యోగం నాదే కాబట్టి వెనక యాక్సిల్‌లో (చక్రాల ఇరుసులో) ఉండే డిఫరెన్షియల్‌లో, అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెలో, పోసే ఆయిల్ గురించి కాస్త గట్టిగా మాట్లాడే చనువు తీసుకుంటున్నాను.

వాట్సాప్ గ్రూపులో తరచూ ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, డిఫ్ ఆయిల్ ఏ బ్రాండ్ మంచిది?" క్షణాల్లో పది జవాబులు. జవాబిచ్చిన పదిమందివీ పది రకాల బళ్లు. అసలు నీది ఏ బండి, ఏ యాక్సిల్ అని ఒక్కరూ అడగరు. బ్రాండ్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. లోపల ఏ రకం డిఫరెన్షియల్ ఉందో తెలియకుండా ఆయిల్ కొనడమంటే పాదం కొలత లేకుండా చెప్పులు కొనడమే.

ఇది నాకు చేతిచమురు వదిలాక వచ్చిన జ్ఞానం. మూడేళ్ల కిందట ఒక షాపులో డిఫ్ ఆయిల్ మార్పించాను. ఏం పోస్తున్నారని అడగలేదు. మర్నాడు గుడి పార్కింగ్‌లో బండి తిప్పుతుంటే వెనక నుంచి గరగరమని మోత, వణుకు. "ఏమండీ, చక్రం ఊడుతోందా?" అంది మా ఆవిడ. నా బండిలో ఉన్నది క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం ఊరికే జారి తిరగకుండా ప్లేట్లతో పట్టి ఉంచే రకం. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ తిరగాలి. ఆ తేడా మేరకు ప్లేట్లు మెత్తగా జారాలి. అందుకు ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే, రాపిడిని సరిచేసే రసాయనం ఉండాలి. వాళ్లు పోసినదాంట్లో అది లేదు. చిన్న సీసా కొని కలిపి, ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఎనిమిది అంకె దిద్దినట్టు పదిపన్నెండు చుట్లు తిప్పితే మోత సద్దుమణిగింది. అక్కడి సెక్యూరిటీ అతను మాత్రం నన్ను చాలాసేపు అనుమానంగా చూశాడు.

అలాగని అందరూ ఆ సీసా పోసేయకండి. షెవర్లే, జీఎంసీ ట్రక్కుల్లో జీ80 కోడ్‌తో వచ్చేది ఈటన్ కంపెనీ వారి మెకానికల్ లాకర్, అంటే ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి బిగించేది. దానికి మాడిఫయర్ కలపొద్దని ఆ ట్రక్కులు చేసే జీఎమ్మే చెబుతుంది. కలిపితే లాక్ పడాల్సిన చోట ఆలస్యంగా పడుతుంది. టయోటా టకోమాలో "ఆటో ఎల్‌ఎస్‌డీ" (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కు పొట్టిపేరు) అన్న పేరు చూసి కంగారుపడేవాళ్లున్నారు. అది జారే చక్రానికి బ్రేకు పట్టి చేసే పని, డిఫరెన్షియల్‌లో క్లచ్ ప్లేట్లేమీ ఉండవు. ఇక ఫోర్డ్‌లో డ్రైవర్ తలుపు తీస్తే పక్కనున్న స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది. పక్కింటాయనదీ ఎఫ్-150 అయినంత మాత్రాన ఆయన ఆయిలే మీకూ అని కాదు.

చిక్కదనం మీద మనవాళ్లకు ఓ నమ్మకం ఉంది. మా ఊరి ట్రాక్టర్ మెకానిక్‌కు తెలిసింది "నైంటీ ఆయిల్" ఒక్కటే. ఎండకీ బురదకీ అది సరిపోయింది. ఆ లెక్కన ఇక్కడ "75డబ్ల్యూ-140 పోయి బాబూ, చిక్కగా ఉంటే గేర్లు పదికాలాలు ఉంటాయి" అంటారు. బరువైన ట్రైలర్లు లాగే కొన్ని యాక్సిల్స్‌కు తయారీదారులే ఆ గ్రేడ్ చెబుతారు, నిజమే. కానీ బండితో వచ్చిన పుస్తకంలో 75డబ్ల్యూ-85 అని ఉన్నచోట అది పోస్తే, గేర్లు ఆ చిక్కని ఆయిల్‌ను చిలకడానికే శక్తి ఖర్చు చేస్తాయి, మైలేజీ తగ్గుతుంది. ఇంకో మాట. గేర్ ఆయిల్ అంకెల కొలమానం వేరు. 75డబ్ల్యూ-90 చిక్కదనం దాదాపు 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ అంతే!

డబ్బా మీద జీఎల్-5 (గేర్ ఆయిల్ ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చెప్పే తరగతి) అని ఉందో లేదో చూడండి. ఈ యాక్సిల్స్‌లో పినియన్ (చిన్న గేరు) క్రౌన్ వీల్ (పెద్ద గేరు) మధ్యకు కాకుండా కిందకి జరిగి ఉంటుంది, కాబట్టి పళ్లు దొర్లడమే కాక ఒరుసుకుంటూ జారతాయి కూడా. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికే గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు వేస్తారు. మూత తీయగానే వచ్చే ఆ కంపు వాటిదే. మిగిలింది కదా అని పాత మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోయకండి. గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్లున్న చాలావాటికి జీఎల్-4 కావాలి.

ఇక్కడి లూయిస్‌విల్ లేక్‌లో పడవ దించేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. హైవే మీద వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ (గాలి ఆడే గొట్టం) గానీ సీలు గానీ సరిగా లేకపోతే నీళ్లు లోపలికి లాగేస్తుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే మైళ్ల లెక్క చూడకుండా మార్చేయడమే.

సొంతంగా మార్చుకుంటే వారంటీ పోతుందని భయపడకండి. కంపెనీ ఉచితంగా ఇస్తే తప్ప, తమ బ్రాండ్ ఆయిలే పోయాలని షరతు పెట్టడానికి వీల్లేదని 1975 నాటి ఫెడరల్ వారంటీ చట్టం చెబుతోంది. పుస్తకంలో చెప్పిన స్పెసిఫికేషన్‌కు సరిపోవాలి, రసీదు దాచుకోవాలి, అంతే.

బండి కిందకి దూరాక ముందు పైనున్న ఫిల్ ప్లగ్ (ఆయిల్ పోసే బిరడా) విప్పండి. ఆ తర్వాతే కింద డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ దించే బిరడా) మీద చెయ్యి వేయండి. ఫిల్ ప్లగ్ తుప్పుపట్టి కదలకపోయినా, పాత ఆయిల్ లోపలే ఉంటుంది కాబట్టి షాపు దాకా బండిని నడుపుకుంటూ వెళ్లొచ్చు.