డీకన్ల సేవ ఎవరి కోసం?

డీకన్లను, అంటే క్రైస్తవ సంఘ పరిచారకులను, సంఘ ఆస్తులు, లెక్కలు చూసే కమిటీగానే ఒక వ్యాసం వర్ణించడం నాకు బాధ కలిగించింది. బైబిలులోని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, డీకన్లకు మాదిరిగా చెప్పుకొనే ఏడుగురిని యెరూషలేము సంఘం ఏర్పరచుకొన్నది అధికారం పంచడానికి కాదు. అనుదిన పరిచర్యలో గ్రీకుభాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న సణుగు వినబడినందుకు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే కావడాన్ని బట్టి, అన్యాయం జరిగిన వర్గంవారి చేతికే పంపిణీ బాధ్యతను అప్పగించారని నేను భావిస్తున్నాను. మన సంఘాల్లో ఇది ఎంత అరుదో! డీకన్ల ఎన్నిక వచ్చినప్పుడు హోదాను, కుటుంబ బలాన్ని చూస్తాము గాని, ఏ విధవరాలి ఇంట బియ్యం నిండుకొన్నాయో అభ్యర్థికి తెలుసా అని అడగము. రోమా సంఘానికి వ్రాసిన లేఖయైన రోమా పత్రిక 16వ అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను పరిచయం చేస్తూ అపొస్తలుడైన పౌలు చెప్పినది, ఆమె అనేకులకు, తనకును సహాయురాలై ఉన్నదనే.