మాల వేసుకుంటే నియమం, మనసు చెబితే మారామా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పొద్దున్న వాళ్ల నాన్నతో కలిసి చికెన్ కొట్టుకి వెళ్లింది. విశాఖలో ఆదివారం పూట ఏ వీధిలోకి వెళ్లినా కనపడే కొట్టే. ముందు ఇనప బోనులో కోళ్లు, పక్కన కాటా, వెనక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. కొట్టతను కోడిని కాళ్లు పట్టుకుని కాటాలో పెట్టాడు, బరువు చెప్పాడు, మెడ కోసి డ్రమ్ములో పడేశాడు. డ్రమ్ము కాసేపు దడదడలాడి ఆగింది. ఇంటికొచ్చాక పిల్ల నాతో చెప్పింది ఒక్కటే మాట. "అది ఆగేదాకా అంకెలు లెక్కపెట్టానమ్మా." ఆ మధ్యాహ్నం పెరుగన్నం తిని లేచిపోయింది. ఏడాదిన్నర దాటింది, మళ్లీ ముక్క ముట్టలేదు.

మాది ముక్క లేనిదే ముద్ద దిగని ఇల్లు. ఆదివారం కోడి, చేతిలో డబ్బులుంటే వేట మాంసం, వారంలో రెండు రోజులైనా చేప. జాలరిపేట నుంచి ఒకావిడ మా అత్తగారి హయాం నుంచీ మా గుమ్మం ముందే బుట్ట దింపుతుంది. కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, పండగొస్తే వంజరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న 61 రోజులు కూడా ఎండు నెత్తళ్లు, వంకాయతో నెట్టుకొస్తాం. ఇందులో మా ఇంటి ప్రత్యేకత ఏమీ లేదు. జనాభా లెక్కలు తీసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో చేసిన బేస్‌లైన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు నిండినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. అలాంటి చోట ఒక పిల్ల కంచం జరిపేసిందంటే అమ్మానాన్నలనే కాదు, వీధి మొత్తాన్ని దాటి నిలబడాలి. అంత బరువు నెత్తిన పెట్టుకుందని ఆ రోజు నాకు తట్టలేదు. పరీక్షల టెన్షన్ అనుకున్నాను. ఆయన, "యూట్యూబ్‌లో ఏదో చూసుంటుంది, నాలుగు రోజులు పోతే అదే దారికొస్తుంది" అన్నారు.

మూడో ఆదివారం నేనూ చాలామంది తల్లులు అనే మాటే అన్నాను. "పోనీ, ముక్కలు తీసేసి పులుసు వేసుకో." పిల్ల గిన్నెలోకి చూసి, "పులుసు వాటిలోంచి దిగిందే కదమ్మా" అంది. సరేనని పప్పు వడ్డించాను. అదీ తినలేదు. పప్పు మీద సన్నగా తేలుతున్న ఎర్ర నూనె చూపించింది. కోడికూర కలిపిన గరిటెతోనే పప్పు కలిపేశాను. కావాలని చేసింది కాదు, పాతికేళ్లుగా నా చేతికి అలవాటైన గరిటె అదొక్కటే. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంత వంట చేస్తే వంకలు పెడతావా అని గట్టిగానే అరిచాను. పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి గిన్నెలు సర్దుకుంటుంటే గుర్తొచ్చింది. మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్న ఏడాది ఇదే వంటింట్లో ఆయన కోసం గిన్నెలు మార్చాను, గరిటెలు మార్చాను, స్టవ్ కడిగి పసుపు రాశాను. 41 రోజులు ఇంటిల్లిపాదీ నీసు ముట్టలేదు. తెల్లవారుజామున లేచి తలస్నానం చేసి వండాను. ఒక్క పూట విసుక్కున్నట్టు గుర్తు లేదు. అంత చేసిన దాన్ని, పిల్ల కోసం ఒక్క గరిటె వేరుగా పెట్టలేక అరిచాను. ఆ రెండింటికీ తేడా ఎక్కడుందా అని అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

మన ఇళ్లలో మాంసం మానడానికి ఎన్ని దారులున్నాయో చూడండి. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి. కార్తీకమాసం నెలంతా. మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలు. సింహాచలం అప్పన్న దర్శనానికి కొండెక్కే రోజు. భవానీ మాల, గోవింద మాల. పెళ్లిలో ముహూర్తం భోజనం. వారం చేస్తున్నానంటే ఎవరూ బలవంతపెట్టరు, పైగా పక్కింటివాళ్లు అరటిపళ్లు తెచ్చిస్తారు. కార్తీకంలో కోడి ధర దిగిందని ఏటా పేపర్లో వార్త వస్తుంది. అంటే ఊరుకి ఊరే ఒక్కసారిగా మానగలదు, మళ్లీ మొదలుపెట్టగలదు. నూటికి 98 మంది మాంసం తినే సమాజమే అయినా, తినకుండా ఉండటం ఎలాగో మనకు బాగా తెలుసు.

ఈ మానడాలన్నిటికీ ఒక దేవుడి పేరు ఉంటుంది, ఫలానా రోజుతో అయిపోతుందన్న గడువూ ఉంటుంది. మా అమ్మాయి మానడానికి ఈ రెండూ లేవు. నాకు అర్థమైనంతవరకు పెద్దవాళ్ల కోపం అంతా ఇక్కడే పుడుతోంది. మాల వేసుకున్న మనిషి మన తిండిని తప్పు పట్టడు. దీక్ష అయ్యాక వచ్చి మనతోపాటే కూర్చుని తింటాడు. పిల్ల అలా కాదు. నోరు తెరిచి ఏమీ అనకపోయినా, ఎదురుగా పప్పన్నం తింటూ కూర్చుంటే మన చేతిలో ముక్క మనకే బరువవుతుంది. నువ్వెందుకు తింటున్నావని అది నన్ను ఎన్నడూ అడగలేదు. నన్ను నేనే అడుక్కుని, ఆ చిరాకు దాని మీద చూపించాను.

అందుకే మన చేతికి మొదట దొరికే మాట మారాం. పదిహేనేళ్ల పిల్లకు సొంతంగా ఒక నిర్ణయం ఉంటుందని ఒప్పుకోవడం మనకు కష్టం. అదే పిల్ల ఎంపీసీయా బైపీసీయా అని పదిహేనేళ్లకే తేల్చుకోవాలంటాం. జీవితాన్ని మలుపు తిప్పే ఆ నిర్ణయానికి వయసు సరిపోతుందట, కంచంలో ఏముండాలో చెప్పడానికి సరిపోదట. ఇది నాకు న్యాయంగా కనిపించడం లేదు.

మా అత్తగారి బాధ మాత్రం వేరు. దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆవిడ మొదటి రోజే అడిగారు. "ఏటే, మనమేటి బ్రాహ్మలమేటే? మేం తిన్నది నీకు నీసైపోనాదా?" ఆ నీసు అన్న మాట చూడండి. చేపకూ మాంసానికీ మనం రోజూ వాడేదే. నీచు, నీసు, ఎలా పలికినా చెవికి నీచం అనే వినపడుతుంది. మన తిండిని తక్కువ చేసే మాటనే మనం తిండికి పేరుగా పెట్టుకుని బతుకుతున్నాం. అత్తగారు చోడవరం వైపు పల్లెలో పుట్టారు. చిన్నప్పుడు నీసు తినేవాళ్లని చెప్పి ఒక ఇంటివాళ్లు అరుగు మీద నుంచే అత్తగారివాళ్లకు మంచినీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారట. ఎం.ఎన్. శ్రీనివాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950ల్లో సంస్కృతీకరణ అనే మాట వాడారు. కింది కులాలవాళ్లు మాంసం, మద్యం మానేసి, పై కులాల ఆచారాలు పట్టుకుని అంతస్తులో పైకి జరగాలని చూడటం అని దాని అర్థం. అత్తగారికి ఆ మాట తెలియకపోవచ్చు కానీ, అది చెప్పే సంగతి ఆవిడ ఒంటికి తెలుసు. మనవరాలు ఆ అరుగు మీదివాళ్ల వైపు వెళ్లిపోతోందేమో అన్నదే ఆవిడ భయం.

శాకాహారం గొప్పదని చెప్పేవాళ్లు ఈ చరిత్రను పక్కన పెట్టి మాట్లాడితే నేను వినలేను. మా వీధి చివర ఒక అపార్ట్‌మెంట్‌కి 'టులెట్, వెజిటేరియన్స్ ఓన్లీ' అని బోర్డు ఉంది. ఒక సాయంత్రం దాని ముందు నుంచి వస్తూ మా అమ్మాయి ఆగి, "ఇందులో నేనొక్కదాన్నే ఉండొచ్చు, మీరెవరూ ఉండకూడదు కదా" అంది. దాని గొంతులో గర్వం లేదు, బెంగ ఉంది. ఒక ప్రాణిని చూసి జాలిపడి మానడం వేరు, ఒక మనిషిని చూసి ముక్కు మూసుకోవడం వేరు. బుట్ట దింపే ఆవిడకు చెంబుతో మంచినీళ్లు ఇప్పటికీ మా అమ్మాయే తెచ్చిస్తుంది, చేపలు తూచుతుంటే పక్కనే కూర్చుని కబుర్లు చెబుతుంది. ఆ తేడా పిల్లలకు తెలియాలంటే ఇంట్లోవాళ్లు కులం, తిండి, ఇల్లు అద్దెకివ్వని సంగతులు వాళ్లతో దాచకుండా మాట్లాడాలి. అత్తగారు ఆ దోసిలి కథ మనవరాలికి చెప్పింది మొన్న మొన్ననే. ఎప్పుడో చెప్పి ఉండాల్సింది.

ఇక ఆరోగ్యం. ఇక్కడ పిల్లల వైపు కూడా తప్పుంటుంది. మాంసం మానేసిన చాలామంది టీనేజర్లు ఆకుకూరలు, పప్పుల వైపు వెళ్లరు. పెరుగన్నం, ఆలూ వేపుడు, నూడుల్స్, చిప్స్‌తో సరిపెట్టేస్తారు. మాదీ మొదట్లో అంతే. నాలుగు నెలలకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. చుట్టాలంతా "చెప్పామా, ముక్క మానేస్తే ఇంతే" అన్నారు. ఆ మాట సగమే నిజం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. దాదాపు అందరూ మాంసం తినే మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో కూడా అది 58.8 శాతం. మాంసాహారులమన్న పేరొక్కటే ఆడవాళ్ల ఒంటికి రక్తం పట్టించలేదని ఈ లెక్కే చెబుతోంది. మా ఇంట్లోనే చూసుకుంటే లివర్, తొడ ముక్క ఎప్పుడూ మగవాళ్ల కంచంలోకే వెళ్లాయి. వడ్డించింది నేనే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం 13–15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము చాలు, అదే వయసు అమ్మాయికి 30 కావాలి. 16 దాటితే 32. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది, ఆకుల్లో పప్పుల్లో ఉన్నది అంత తేలిగ్గా పట్టదు. దానికి తోడు నిమ్మకాయో ఉసిరికాయో ఉండాలి. అన్నం తినగానే టీ తాగితే వచ్చింది కూడా పోతుంది. బీ12 సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మొక్కల నుంచి వచ్చే తిండిలో అది ఉండదనే అనుకోవాలి. పాలు, పెరుగు తీసుకుంటే కొంత అందుతుంది. లివర్‌లో పాత నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు, ఏళ్లు గడిచాక తిమ్మిర్లు, మతిమరుపు రూపంలో పడుతుంది. డాక్టరుగారు ఇనుము మాత్రలు రాసి, ఏడాదికోసారి బీ12 చూపించుకోమన్నారు. మానేస్తానన్న పిల్లకు ఈ లెక్కలన్నీ కూర్చోబెట్టి చెప్పాలి. మానే హక్కు ఉందన్నవాళ్లకు తెలుసుకునే బాధ్యత కూడా ఉంది. ఈ విషయంలో నేను పిల్ల మాట వినలేదు, మాత్రలు మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను.

అయితే ఈ చిక్కు విప్పింది డాక్టరుగారొక్కరే కాదు, మా అత్తగారు కూడా. రిపోర్టు చూసిన రోజు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే చోళ్లు, అదే రాగులు, నానబోశారు. ఆ వారమంతా వంటిల్లు ఆవిడదే అయింది. చోడి అంబలి, ఉలవచారు, మునగాకు వేసిన కందిపప్పు, తోటకూర కాడల పులుసు, నువ్వుల ఉండలు. "ఇయ్యన్నీ నీకెలా తెలుసు మామ్మా?" అని పిల్ల అడిగితే, "మా సిన్నప్పుడు మాంసం ఎక్కడిదే? కనుమ పండక్కి, ఊర్లో అమ్మోరి పండక్కి. మిగతా రోజులు ఇయ్యే మా పేణాలు నిలబెట్టినాయి" అన్నారు. నేను చేతిలో పని వదిలేసి వింటూ ఉండిపోయాను. ముక్క లేనిదే ముద్ద దిగని ఇల్లని ఇంతసేపూ చెప్పుకొచ్చాను కదా, ఆ అలవాటు నిజానికి మా ఒక్క తరానిది. బ్రాయిలర్ కోడి వీధి వీధికీ వచ్చాక పట్టుకున్నది. సముద్రం ఒడ్డునున్నవాళ్లకు చేప రోజూ దొరికేదేమో గానీ, లోపలి పల్లెల్లో మన పెద్దలు వారాలకు వారాలు పచ్చికూరలతోనే గడిపారు. అది వాళ్లు కోరుకున్నది కాదు, లేమి వాళ్లకు పెట్టింది. మా అమ్మాయి కోరి ఎంచుకున్నది, వాళ్ల నాయనమ్మకు తప్పక అబ్బిన విద్య మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు ఇంట్లో రెండు గరిటెలు. ఆదివారం కూర నేను వండుతాను, తన పప్పో రాజ్మానో తనే వండుకుంటుంది. ఏజెన్సీలో పండే రాజ్మా రైతుబజారులో దొరికితే ముందు రాత్రే నానబెట్టుకుంటుంది. ఆ షరతు నాదే. నీ నిర్ణయం నీదైతే అందులో సగం పని కూడా నీదే అన్నాను. చుట్టాలిళ్లకు వెళ్లినప్పుడు ఉపన్యాసాలు వద్దు, పెరుగు వేసుకుని తినమన్నాను. ఒప్పుకుంది. దానికి బదులుగా నేనొకటి ఒప్పుకున్నాను. 'మా పిల్ల కొన్నాళ్లు మానేసిందండీ' అని చుట్టాలతో చెప్పడం ఆపేశాను. మా పిల్ల తినదు అంటున్నాను, అంతే.

నా బెంగ ఇప్పుడు హాస్టల్ మీద. జూన్‌లో ఇంటర్‌కి చేర్చాలి. చూడటానికి వెళ్లిన ఒక కాలేజీలో మెస్ బాధ్యత చూసే ఆయన్ని అడిగాను, ఆదివారం చికెన్ పెట్టినప్పుడు తినని పిల్లలకు ఏం పెడతారని. "పప్పుచారు, అప్పడం ఉంటాయి మేడం" అన్నారు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. మాల వేసుకున్న పిల్లలొస్తే ఏం చేస్తారని అడిగితే, "వాళ్లకు వేరే వంట, వేరే బల్ల, అన్నీ చూసుకుంటాం" అని చాలా శ్రద్ధగా చెప్పారు. పనీర్ అడగడం లేదండీ, ఉడికించిన శెనగలో బొబ్బర్లో, ఒక నిమ్మ చెక్క, గడ్డ పెరుగు, ఇవి పెడితే చాలని కాగితం మీద రాసిచ్చి వచ్చాను. కనుక్కుని ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చేయలేదు.