సాక్ష్యం చెప్పే పనిని స్టేజీకి వదిలేశామా?

ఆదివారం ఉదయం యూట్యూబ్ తెరిస్తే తెలుగు క్రైస్తవ లైవ్ ఆరాధనలకు లెక్కే ఉండదు. తెల్లారకముందే వాట్సాప్ గ్రూపులో వాగ్దాన వచనం వచ్చి ఉంటుంది. కొత్త పాట విడుదలైతే ఆ వారమంతా స్టేటస్‌లలో అదే. వాక్యం ఇంత తేలిగ్గా ఇంతమందికి చేరిన కాలం తెలుగు నేల మీద ఇంతకుముందు లేదు. కానీ రోజూ ఆ వచనాలు పంపే విశ్వాసిని ఆఫీసులో పక్క సీటు మనిషి "మీరు యేసును ఎందుకు నమ్ముతారు?" అని మామూలుగా అడిగితే, చాలామంది తడబడతారు. మా పాస్టర్ గారి మెసేజ్ లింక్ పంపిస్తానంటారు. సాక్ష్యం, అంటే మన విశ్వాసం గురించి మనమే చెప్పాల్సిన పనిని మైకుకు, తెరకు అప్పగించి మనం ప్రేక్షకులుగా మిగిలామన్నదే నా బాధ.

ఈ విశ్వాసం మన పల్లెల్లో వేళ్లూనుకున్నది అలా కాదు. ఒంగోలు చరిత్ర చూడండి. అందరికీ తెలిసిన పేరు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌది. ఆయన 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడేనాటికే తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య క్రీస్తును నమ్మి తనవాళ్లకు చెబుతున్నాడు. పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. ఆయన మాట విన్నది బంధువులు, బేరం కోసం తిరిగే పల్లెల్లోని మనుషులు. వాళ్లకు ఆయన పాత బతుకూ తెలుసు, కొత్త బతుకూ కళ్ల ముందే ఉంది. నమ్మినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, ఆదివారం పనికి రామన్నారు, ఊరి పెద్దల కోపాన్ని భరించారు. ఇరుగుపొరుగు అడిగిన ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు చెప్పాల్సి వచ్చింది.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశాడు. కూలీలు సేద తీరే వేళ బోధకులు వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవారు. అయినా కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చి కలిశారన్న మాట పడకూడదనే. సాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జూబిలీ సభల్లో ఈ అంకెను గర్వంగా చెప్పుకుంటాం. ఆ అంకెకు ముందు బాప్తిస్మం ఇవ్వనన్న ఆ నిరాకరణ గురించి మాత్రం మాట్లాడం. అవసరంలో ఉన్న మనిషి దగ్గర నోరు అదుపులో పెట్టుకోవడం కూడా సువార్తలో భాగమేనని అది నేర్పుతుంది. ఆస్పత్రి మంచం మీదున్న రోగికీ, అప్పుల్లో మునిగిన కుటుంబానికీ "నమ్మితే అన్నీ సర్దుకుంటాయి" అని చెప్పేవాళ్లు దీన్ని గుర్తుంచుకుంటే బాగుంటుంది.

డోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య మరో మార్గం చూపించారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన ఆయన, బాప్తిస్మం పొందేవాళ్ల చేత తమ తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ (చేటు) అని పలికించేవారు. పలికినవాళ్లలో ఎక్కువమంది పొలం కూలీలు. బోధ పాస్టర్ జీతం పని అన్న ఆలోచనకే అక్కడ చోటు లేదు.

ఇప్పటి సాక్ష్యాల్లో వినిపించేవి వీసా, ఉద్యోగం, సొంతిల్లు. కృతజ్ఞత చెప్పడంలో తప్పు లేదు. కానీ వీసా రిజెక్ట్ అయినవాడు, ప్రార్థించినా బిడ్డను పోగొట్టుకున్న తల్లి అదే హాల్లో కూర్చుని ఉంటారు. వాళ్లు ఇంకా ఎందుకు నమ్ముతున్నారో చెబితే, బయటివాళ్లు దాన్ని నిజంగా వింటారని నా నమ్మకం.

పేతురు తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, మీ నిరీక్షణకు, అంటే మీలోని ఆశకు, కారణం అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పమంటాడు. ఎవరైనా అడగాలంటే ముందు మన బతుకులో అడగదగ్గదేదో కనిపించాలి. ప్రార్థన కూటం పేరుతో అర్ధరాత్రి దాకా కాలనీ మీదికి స్పీకర్లు తిప్పితే ఎవరూ అడగరు, చిరాకు పడతారు. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇచ్చింది. మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇతర మతాల ప్రార్థనా స్థలాల్లో ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా, దర్శనానికి వచ్చిన మనిషి చేతిలో కరపత్రం పెట్టడం మర్యాద కాదు.

అయితే బహిరంగంగా క్రైస్తవుడినని చెప్పుకోవడమే చాలామందికి ప్రమాదంగా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలోకి వెళ్లిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రెండు రాష్ట్రాల్లోనూ అతను బీసీ-సీ కిందికి వస్తాడు, ఆ కోటా ఒక్క శాతం. మతం మారితే అంటరానితనం పోతుందా? పల్లెలో గుడిసె అదే, చూపు అదే. అందుకే ఆదివారం చర్చికి వెళ్లే కుర్రాడు సర్టిఫికెట్‌లో హిందువుగానే ఉంటాడు. పిల్లల చదువు కోసం ఆ రాజీ పడినవాళ్లను నేను నిందించలేను. కానీ కాగితం మీద దాచుకున్న విశ్వాసం గురించి ఆఫీసులో నోరు విప్పాలంటే ఎంత టెన్షనో ఊహించండి. పీఠం మీద ధైర్యం గురించి బోధించేవాళ్లు ఆ ఉత్తర్వును మార్చాలని అడగడంలో ఎందుకు ముందుండరు?

లోపలి సంగతి ఇంకా కష్టం. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో "రక్షణ పొందిన వధువు కావలెను" అన్న మాట పక్కనే మాల, మాదిగ, కమ్మ, రెడ్డి అని ఉంటుంది. ఒకే రొట్టె విరిచి తిన్న కుటుంబాలు కులం తెలిశాక వియ్యానికి వెనకాడతాయి. బయటివాళ్లు ఇది గమనిస్తూనే ఉన్నారు. పాస్టర్లు సంబంధాలు చూసేటప్పుడు కులం అడగడం మానేయాలి. సంఘంలో వేర్వేరు కులాల పిల్లలు పెళ్లి చేసుకుంటామని వస్తే, ఆ రెండిళ్లకూ పెద్దలతో కలిసి వెళ్లి మాట్లాడాలి. యౌవనస్థుల కూటాల్లో పాటల పోటీలకు ఇచ్చే సమయంలో కొంత ఈ చర్చకు ఇవ్వాలి.